ఇంటిపేరు లేని సిపాయి: ఒక కంచు పళ్లెం, ఒక వెండి బిళ్ల

ఈ కేసులో వస్తువులు రెండు. అరచేతికంటే పెద్దదైన కంచు పళ్లెం ఒకటి, మెడగొలుసుకు వేలాడే వెండి బిళ్ల ఒకటి. రెండూ ఉత్తరాంధ్రలో ఒకే ఇంటివి. ఆ ఇల్లు ఇప్పుడు రెండు వాటాలైంది, పళ్లెం ఎవరికి చెందాలన్న తగాదా కూడా అక్కడే మొదలైంది. పాత యుద్ధ పతకాలు ఎవరివో తేల్చి కుటుంబాలకు నివేదిక రాసివ్వడం నా పని. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, పతకం మీది నంబరు మాత్రం ఇవ్వడం లేదు.

వస్తువులు తెచ్చింది పెద్ద వాటాకు చెందిన ఒక రిటైర్డ్ మాస్టారు. వాళ్లింట్లో ఆ పళ్లెం అమ్మవారు. చేతిలో త్రిశూలం, పక్కన సింహం, నిలబడి ఉన్న స్త్రీ. ఇంకేం అనుకుంటారు? తరాలుగా దేవుడి గదిలో పెట్టి దసరాకు కుంకుమ పూజ చేశారు. చిన్న వాటా వాళ్ల వాదన వేరు. పళ్లెం అంచు చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. మామూలు వెలుతురులో తేలిగ్గా చదవగలిగేది ‘ఫ్రీడమ్’ ఒక్కటే. పళ్లెం మీద ఉన్న పేరు, 1970ల దాకా బతికిన వాళ్ల తాతగారి పేరు ఒకటే. కాబట్టి ఇది ఆయనకు స్వాతంత్ర్య సమరయోధుడిగా ప్రభుత్వం ఇచ్చిన తామ్రపత్రమని వాళ్లు గట్టిగా నమ్మారు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవాలప్పుడు సమరయోధులకు తామ్రపత్రాలిచ్చిన మాట నిజమే. అందుకే ఆ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

“ఎవరిదైనా పర్లేదు బాబూ, ఎవరిదో తెలిస్తే చాలు. పండక్కి అందరం ఒకచోట కూర్చుని భోంచేసి చాలా ఏళ్లయింది” అన్నారు మాస్టారు.

పళ్లెం ఏం చెబుతుంది

తామ్రపత్రం పలకలా ఉండే రాగి రేకు. ఇది గుండ్రంగా పోతపోసిన కంచు. అడ్డంగా కొలిస్తే 12 సెంటీమీటర్లు. చూడగానే ఇదేమిటో నాకు తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ప్రతి సైనికుడి కుటుంబానికీ బ్రిటిష్ ప్రభుత్వం పంపిన స్మారక ఫలకం ఇది. పాత పెన్నీ నాణేన్ని పోలి ఉంటుందని జనం దీన్ని ‘డెడ్ మ్యాన్స్ పెన్నీ’ అన్నారు. 1917లో దీని నమూనాకు పోటీ పెడితే 800కు పైగా ఎంట్రీలు వచ్చాయి. లివర్‌పూల్ శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ గెలిచాడు. త్రిశూలం పట్టుకున్న స్త్రీ బ్రిటానియా, అంటే బ్రిటన్ దేశానికి ప్రతీకగా చూపే స్త్రీరూపం. ఆమె ముందు సింహం, చుట్టూ రెండు డాల్ఫిన్లు, కింద ఒక డేగను చీల్చుతున్న చిన్న సింహం ఉంటాయి. ఆ డేగ జర్మనీకి గుర్తు. అంచు చుట్టూ ‘హి డైడ్ ఫర్ ఫ్రీడమ్ అండ్ ఆనర్’ అని ఉంటుంది. ఇలాంటివి 13 లక్షలకు పైగా పోతపోశారు.

అక్షరాలు అరగడానికి కారణం చింతపండు. ఏళ్ల తరబడి ప్రతి పండక్కీ చింతపండు, బూడిద పెట్టి మెరిసేదాకా తోమారు. భక్తితో చేసిన పనే. కానీ కంచు మీద కాలక్రమాన ఏర్పడే గోధుమ రంగు పొర లోహాన్ని కాపాడుతుంది. తోమినప్పుడల్లా ఆ పొర పోతుంది, దాంతోపాటు ఉబ్బెత్తు అక్షరాల అంచులు కూడా కొంచెం కొంచెంగా పోతాయి. ఇలాంటి వస్తువు మీ ఇంట్లో ఉంటే దయచేసి తోమకండి. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

గదిలో లైట్లు ఆపేసి, పళ్లెం పక్కనుంచి దాదాపు నేలబారుగా టార్చి వెలుగు పడేలా పెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ ఫొటోలు తీశాను. ఎదురుగా చూస్తే నున్నగా కనిపించిన చోట నీడలు లేచాయి. ముందు ‘డైడ్’, తర్వాత ‘ఆనర్’ బయటపడ్డాయి. పేరు ఉన్న గడి మిగతా భాగమంత అరగలేదు, అందులో పేరు స్పష్టంగానే ఉంది. వెనక వైపు చిన్న వలయంలో డబ్ల్యూ, ఏ కలిపి కొట్టిన ముద్ర దొరికింది. అది వూలిచ్ కర్మాగారం గుర్తు. అసలైన ఫలకాన్ని అచ్చుగా వాడి పోసిన నకళ్లు చల్లబడేటప్పుడు కాస్త కుంచించుకుపోతాయి, వాటి అక్షరాలు మొద్దుబారి ఉంటాయి. కొన్నిట్లో పాత పేరు గీకేసి కొత్త పేరు చెక్కుతారు. ఇక్కడ అలాంటివేవీ లేవు. పేరు పళ్లెంతో పాటే పోతపోసింది, ఉబ్బెత్తుగా ఉంది.

చిన్న వాటా వాదన ఇక్కడితో వీగిపోయింది. ఈ ఫలకం చనిపోయినవాళ్ల పేరు మీదే ఇచ్చారు. 1970ల దాకా బతికిన మనిషికి ఇది రాదు. మరి పేరెలా కలిసింది? మన ఇళ్లలో పోయినవాళ్ల పేరు తర్వాత పుట్టినవాళ్లకు పెట్టుకోవడం మామూలే. సిపాయికి పిల్లల్లేరు. ఆయన తమ్ముడి కొడుక్కి ఆయన పేరే పెట్టారు. చిన్న వాటా తాతగారు ఆ కొడుకే. అంటే వాళ్ల తాతగారి పేరే ఈ సిపాయి జ్ఞాపకంగా పెట్టిన పేరు. ఈ మాట చెప్పినప్పుడు చిన్న వాటా పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే మా నాన్న ఆయన పేరు మోశాడన్న మాట” అన్నారు.

ఈ ఫలకం మీద హోదా ఉండదు, రెజిమెంటు ఉండదు, నంబరు ఉండదు. కావాలనే అలా పెట్టారు. జనరల్ అయినా సిపాయి అయినా ప్రాణం ఒకటే కాబట్టి పేరు ఒక్కటే చాలన్నది వాళ్ల ఆలోచన. ఆ ఆలోచన మీద నాకు నిజంగా గౌరవముంది. కానీ దాని భారం మన సిపాయిల కుటుంబాల మీద ఎక్కువగా పడింది. ఇంగ్లండులో ఒక ఫలకం మీద రెండు మూడు పేర్లు, వంశనామం వరసగా ఉంటే మనిషిని వెతకడానికి దారి దొరుకుతుంది. మనవాళ్లకు పటాలంలో ఇంటిపేరు రాయలేదు. ఒక్క మాటగా పేరు రాశారు. ఈ ఫలకం మీద ఉన్నది ఉత్తరాంధ్రలో వీధికొకరికి ఉండే పేరు. మన దగ్గర మనిషిని గుర్తుపట్టేదే ఇంటిపేరుతో. అది తీసేశాక ఆ ఒక్క మాట వందలమందిలో ఎవరిదైనా కావచ్చు.

ఫలకంతో పాటు ఒక స్మారక పత్రం కూడా వచ్చేది. దాని కింద హోదా, పేరు, రెజిమెంటు రాసి ఉండేవి. అది దొరికితే నా పని సగం అయిపోయేది. చుట్టచుట్టిన కాగితం ఒకటి అటక మీద రేకుపెట్టెలో ఉండేదనీ, చెదలు పట్టి పోయిందనీ మాస్టారు చెప్పారు. మన వాతావరణంలో ఈ మాట నాకు తరచూ వినబడుతుంది.

వెండి బిళ్ల

బిళ్ల మాస్టారి తల్లి మెడలో ఉంది. ఎనభై దాటిన మామ్మగారు. అది ఆమెకు అత్తగారిచ్చింది, ఆ అత్తగారికి సిపాయి భార్య ఇచ్చింది. భర్త పోయాక బొట్టు, గాజులు తీసేసినా ఈ బిళ్ల ఒక్కటి మాత్రం ఆవిడ తీయలేదట. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద దిసమొలతో ఉన్న మనిషి, గుర్రం కాళ్ల కింద డేగ బొమ్మ ఉన్న డాలు, 1914, 1918 అంకెలు. విలియం మెక్‌మిలన్ రూపొందించిన బ్రిటిష్ వార్ మెడల్ ఇది, 1919లో నెలకొల్పారు. రమారమి ఒక ఔన్సు వెండి. ఆ వెండి కోసమే కరిగిపోయిన పతకాలు లెక్కలేనన్ని.

ఈ పతకం యుద్ధంలో సేవ చేసినవాళ్లకు ఇచ్చింది, చావుకో గాయానికో కాదు. అప్పటి బ్రిటిష్ పద్ధతిలో గాయపడ్డవాళ్లకు ప్రత్యేక పతకమంటూ లేదు. 1916 నుంచి చొక్కా చేతి మీద ఒక బంగారు రంగు గీత కుట్టుకోనిచ్చేవారు. గాయానికి పర్పుల్ హార్ట్ లాంటి పతకమిచ్చే ఇప్పటి పద్ధతి అమెరికాలో 1932లో మొదలైంది. మన దేశంలో శత్రువు చేతిలో గాయపడ్డవాళ్లకు పరాక్రమ పదక్ ఉంది. మాస్టారి చిన్న మనవడు ఇదంతా అడిగాడు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

నాకు కావలసింది పతకం బొమ్మ కాదు, అంచు. వార్ మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి. పళ్లెం చెప్పని సంగతులన్నీ ఇక్కడ దొరుకుతాయి. కానీ ఈ పతకానికి పైన ఉండాల్సిన, రిబ్బను తగిలించే కమ్మీ లేదు. ఎప్పుడో ఒక కంసాలి దాన్ని తీసేసి, అంచు చుట్టూ సన్నటి వెండి పట్టీ బిగించి, పైన కొక్కెం అతికాడు. అంచు మొత్తం ఆ పట్టీ కింద ఉండిపోయింది.

ఇక్కడే నేను చాలాసేపు ఆలోచించాను. పట్టీ తీయకపోతే మనిషి ఎవరో తేలదు. కానీ ఆ పట్టీ ఆ ఇంటి చరిత్రలో పతకంతో సమానమైన వస్తువు. ఒక విధవరాలు ప్రభుత్వం పంపిన పతకాన్ని తన మెడలోకి మలుచుకున్న ఆనవాలు అది. పతకాలు సేకరించేవాళ్ల భాషలో ఇలాంటి పతకాన్ని ‘పాడైపోయింది’ అంటారు. నేను అలా అనను. నివేదికలో కూడా ఆ మాట రాయలేదు.

మామ్మగారినే అడిగాను. “ఇప్పితే మళ్లీ ఇలాగే కట్టి ఇస్తావా?” అన్నారు. ఇలాగే ఉంటుందని నేను పూర్తిగా హామీ ఇవ్వలేనని, వేడి మాత్రం తగలనివ్వనని చెప్పాను. ఆవిడ గొలుసు తీసి, బిళ్లను కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టారు.

ఆ ఊరి కంసాలి దుకాణంలోనే ఆవిడ కళ్లెదుటే పని జరిగింది. పట్టీకి అతుకు ఎక్కడుందో భూతద్దంలో చూశాం. సరిగ్గా కొక్కెం కింద ఉంది. టంకం కరిగించడానికి మంట పెడితే పతకం రంగు మారిపోతుంది, సన్న అక్షరాలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అందుకని కంసాలి సన్న రంపంతో అతుకు మీద మాత్రమే కోసి, చెక్క పుల్లతో పట్టీని కొంచెం కొంచెంగా వెడల్పు చేశాడు. లోహపు పనిముట్టు ఒక్కటి కూడా అంచుకు తగలనివ్వలేదు. పట్టీ వదులయ్యాక పతకం దానంతటదే జారి గుడ్డ మీద పడింది.

పట్టీ కింద వందేళ్లు చెమట, గాలి, చింతపండు ఏవీ తగలని అంచు కొత్త పతకంలా ఉంది. నాలుగంకెల నంబరు, సాపర్ (వంతెనలు, కందకాల లాంటి పనులు చేసే సిపాయి) అన్న హోదా, ఆ ఒక్క మాట పేరు, చివర ‘2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.’ అని ఉన్నాయి. అంటే సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్లు. పేరు స్పెల్లింగ్ పళ్లెం మీద ఉన్నట్టే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. మామ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ పేరు దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు.

జాబితాల్లో వెతుకులాట

సామాన్య భారతీయ సిపాయిల సర్వీసు కాగితాలు చాలావరకు మిగల్లేదు. పంజాబు వాళ్లకు ఒక అదృష్టం దక్కింది. లాహోర్ మ్యూజియంలో ఉన్న 3 లక్షలకు పైగా సైనికుల రిజిస్టర్లను 2021 నుంచి డిజిటల్‌గా అందుబాటులోకి తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లకు నా చేతికందే అలాంటి ఆధారం లేదు. మిగిలిన ముఖ్యమైన దారి, యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గరున్న మృతుల జాబితా.

మద్రాస్ సాపర్లలో ఆ పేరుతో చనిపోయినవాళ్లు ముగ్గురు కనిపించారు. పళ్లెం ఒక్కటే ఉంటే ముగ్గురిలో ఎవరో ఎప్పటికీ తేలేది కాదు. నంబరు ఉండటంతో ఒక్కడే మిగిలాడు. మెసొపొటేమియాలో, ఇప్పటి ఇరాక్‌లో, 1917 జులైలో మరణం. బాస్రా స్మారకం కింద నమోదు. తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఉన్నాయి. జిల్లా విజగపటం. ఆ రోజుల్లో ఇంగ్లీషు కాగితాల్లో విశాఖపట్నం అలాగే ఉండేది, కాకినాడ కొకనాడ అయినట్టు, కృష్ణ కిస్ట్నా అయినట్టు. ఊరి పేరు మాత్రం మొదట అర్థం కాలేదు. గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకున్నాడు, ఆ తర్వాత ఇంకో గుమాస్తా దాన్ని తప్పుగా ఎత్తి రాశాడు. ఇలాంటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్ని కళ్లతో చూస్తే లాభం లేదు, పైకి చదవాలి. మాస్టారికి గట్టిగా చదివి వినిపించాను. మూడోసారికి ఆయన, “అది మా తాతల ఊరికి పాత పేరు!” అన్నారు. తాలూకా కూడా సరిపోయింది. తండ్రి పేరు ఇంటి వంశావళిలో ఉన్న పేరే.

బాస్రా స్మారకం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మెసొపొటేమియాలో చనిపోయి, సమాధి ఎక్కడో తెలియని 40 వేలమందికి పైగా జ్ఞాపకంగా 1929లో దాన్ని ఆవిష్కరించారు. 1997లో సద్దాం హుస్సేన్ ఆదేశంతో నగరం బయట ఎడారిలోకి తరలించారు. ఆ గోడల మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కారు. సామాన్య సిపాయిలకు వాళ్ల పటాలం కింద ఇంతమంది అని లెక్క మాత్రం వేశారు. అంటే మన సాపర్ ఆ గోడ మీద ఒక అంకెలో భాగం. మన ఊళ్లలో కొన్ని చోట్ల పెట్టిన శిలాఫలకాలు కూడా ఇంతే. ఈ గ్రామం నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలర్పించారు అని ఉంటుంది, ఎవరో ఉండదు.

ఈ అన్యాయాన్ని కమిషనే 2021లో ఒక నివేదికలో ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికా దేశాలకు చెందిన కనీసం 45 వేలమందికి మిగతావాళ్లతో సమానంగా స్మారకం దక్కలేదనీ, లక్షమందికి పైగా పేరు లేకుండానో, అసలు గుర్తింపే లేకుండానో ఉండిపోయారనీ అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఈ కేసు చేస్తున్నంతకాలం ఆ కోపం నాతోనే ఉంది. ఒకే సామ్రాజ్యం ఇంటికి పంపిన కంచు మీద పటాలం లేకుండా పేరు రాసింది, అతను చనిపోయిన దేశంలో పేరు లేకుండా లెక్క రాసింది. ఈ రెంటినీ కలిపే ఆధారం ఒక ముసలమ్మ మెడలో మిగిలింది.

ఎలా చనిపోయాడు

కుటుంబంలో చెప్పుకునే కథ ఇది: పెద్ద నది దాటుతుంటే తుర్కులు కాల్చిన తుపాకి గుండు తగిలి చనిపోయాడు. ఆ కథకు పునాది లేకపోలేదు. 1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ మలుపు దగ్గర 14వ ఇండియన్ డివిజన్ కాల్పుల మధ్య టైగ్రిస్ నదిని దాటింది. ఆ పనిలో మద్రాస్ సాపర్లు ఉన్నారు. ఆ తర్వాత కూట్ పట్టణం, మార్చి 11న బాగ్దాద్ బ్రిటిష్ సేన వశమయ్యాయి. అంత పెద్ద సంఘటన ఇంటిదాకా కథగా రావడం సహజం.

కానీ మరణం జులైలో. షుమ్రాన్ అయిపోయి నెలలు గడిచాయి. మరణ కారణం ఆ జాబితాలో ఉండదు. 1917 జులై అక్కడ భయంకరమైన ఎండల నెల. ఆ నెల రమాదీ పట్టణం మీద బ్రిటిష్ సేన చేసిన దాడి విఫలమైనప్పుడు జరిగిన నష్టంలో సగానికి పైగా వడదెబ్బ వల్లే. మెసొపొటేమియాలో కలరా, విరేచనాలు, జ్వరాలు, ఎండ కలిసి వేలమందిని తీసుకుపోయాయి. సమాధి ఎక్కడో కూడా తెలియదు. అమారాలో టైగ్రిస్ ఎడమ గట్టున ఉన్న భారతీయుల శ్మశానంలో సుమారు 5 వేలమందిని పాతిపెడితే, సరైన రికార్డులు ఉంచకపోవడం వల్ల వాళ్లలో గుర్తు తెలిసినవాళ్లు పదిమంది కూడా లేరు. మనవాడు అక్కడ ఉన్నాడని నేను చెప్పను, చెప్పడానికి ఆధారం లేదు.

ఈ భాగం చెప్పేటప్పుడు నాకు టెన్షన్‌గానే ఉంది. తాత వీరమరణం పొందాడని వందేళ్లుగా నమ్ముతున్న ఇంట్లో, జ్వరంతోనో వడదెబ్బతోనో పోయి ఉండొచ్చని చెప్పాలి. అయినా దాచడం తప్పు. రెండు వాటాల వాళ్లనూ కూర్చోబెట్టి, నది దాటిన రోజున ఆయన అక్కడ ఉండి ఉండవచ్చనీ, చనిపోయింది మాత్రం ఆ రోజు కాదనీ, ఎలా చనిపోయాడో తేల్చే కాగితం మన దగ్గర లేదనీ చెప్పాను. ఫలకం ఇచ్చేటప్పుడు తూటా తగిలి పోయినవాడికీ, సర్వీసులో జబ్బు చేసి పోయినవాడికీ తేడా చూడలేదని కూడా చెప్పాను. చిన్న వాటా పెద్దాయన, “ఎండకి పోయినా మనోడే కదా” అన్నారు. మాస్టారు తలూపారు.

నివేదికలో పెట్టినవి

పళ్లెం, పతకం ఒకే మనిషివని తేల్చడానికి మూడు ఆధారాలు రాశాను: రెంటి మీదా అక్షరం తేడా లేకుండా ఒకే స్పెల్లింగు, రెండూ ఒకే ఇంట్లో తరాలుగా ఉండటం, పతకం నంబరుతో జాబితాలో దొరికిన తండ్రి పేరూ ఊరూ వంశావళికి సరిపోవడం. పళ్లెం మీద నంబరు లేదు కాబట్టి దాన్ని ‘దాదాపు నిశ్చయం’ అనే రాశాను. పతకం విషయంలో ‘నిశ్చయం’ అని రాశాను. మరణ కారణం దగ్గర ‘తెలియదు’ అని రాసి, ఇంటి కథను కూడా యథాతథంగా, ఇంటి కథ అన్న శీర్షిక కిందే నమోదు చేశాను. అది కూడా దాచుకోదగ్గ సమాచారమే.

విలువ ఎంతని చిన్న వాటా కుర్రాడొకడు అడిగాడు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి విదేశాల నుంచి ఒకాయన కొంటానన్నాడట. నేను వస్తువుల ధర కట్టను. కానీ ఒకటి చెప్పాను: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు లెక్కలోకి వస్తుంది, దాన్ని కొరియర్‌లో దేశం దాటించడం నేరం. కుర్రాడు ఆ సంభాషణ అక్కడితో ఆపేశాడు.

పతకాన్ని తిరిగి ఆ పట్టీలోనే, అదే కంసాలి చేత బిగించాం. ఈసారి అతుకు టంకంతో మూయలేదు, అవసరమైతే తీయగలిగేలా చిన్న మర పెట్టాం. అంచు ఫొటోలు రెండు వాటాలకూ చెరొక సెట్టు ఇచ్చాను. పళ్లెం ఇంకా దేవుడి గదిలోనే ఉంది. అక్కడినుంచి తీయమని నేను అనలేదు, తోమొద్దని మాత్రం అడిగాను. కుంకుమ పళ్లెం మీద వేయకుండా ముందు ఒక తమలపాకు పెట్టి దాని మీద వేస్తామన్నారు.

కమిషన్ జాబితాలో ఊరి పేరు సరిచేయమని మాస్టారి సంతకంతో అర్జీ పంపాం. వంశావళి, ఊరి పాత పేరున్న భూమి పత్రం నకలు, అంచు ఫొటో జతచేశాం. పళ్లెం విషయంలో రెండు వాటాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. ఏడాది పెద్ద వాటాలో, ఏడాది చిన్న వాటాలో ఉంటుంది. ఎవరింట్లో ఉంటే దసరాకు రెండో వాటావాళ్లు అక్కడికి భోజనానికి వెళ్లాలి. ఈ షరతు రాసింది మామ్మగారు. నివేదిక చివరి పేజీలో చేర్చమని పట్టుబడితే చేర్చాను.